వంతెన లెక్కకు వల

కోనసీమలో ముక్తేశ్వరం గౌతమి ఒడ్డున ఉన్న ఊరు. ఎదుటి ఒడ్డున కోటిపల్లి. ఈ రెండు రేవుల మధ్య జనం పంటు మీద గోదావరి దాటడం ఏనాటి నుంచో ఉన్నదే. కోటిపల్లి నుంచి నరసాపురం వరకు తలపెట్టిన రైలుమార్గం ఇక్కడ గౌతమిని, ఆ తరువాత వైనతేయను, వసిష్ఠను దాటవలసి ఉంది. అందుకోసం నదిలో వంతెన స్తంభాలు లేచాయి.

అటువంటి స్తంభం మీదుగా రైలు వెళ్లినప్పుడు అది ఎంత కుంగుతుంది? అందులో ఏ చోట ఎంత బలం పడుతుంది? ఒక స్తంభం కట్టి, విరిగేదాకా బరువు పెట్టి చూద్దామంటే కుదరదు కదా. కట్టకముందే కాగితం మీద తేలాలి. ఆ లెక్క ఎట్లా చేస్తారో, దానికి ముందుగా ఒక వల ఎందుకు అల్లుకోవాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. వల అంటే నిజంగా వలే. ముడులు, కళ్ళు అన్నీ ఉంటాయి. కాకపోతే అది దారంతో కాక గీతలతో అల్లిన వల.

భౌతికశాస్త్రంలో యంగ్ గుణకం గురించి చదివినవారికి తీగ లెక్క తెలిసే ఉంటుంది. తీగను లాగితే ఎంత సాగుతుందో చెప్పాలంటే బలాన్ని పొడవుతో గుణించి, అడ్డుకోత వైశాల్యంతోనూ యంగ్ గుణకంతోనూ భాగిస్తే సరి. నొక్కితే ఎంత కుదించుకుపోతుందో కూడా ఇదే సూత్రం చెబుతుంది. అయితే ఈ సూత్రానికి ఒక షరతు ఉంది. తీగ ఆ కొస నుంచి ఈ కొసకు ఒకే లావుగా ఉండాలి. వంతెన స్తంభం అట్లా ఉండదు. కింద లావు, పైన సన్నం, తలమీద వెడల్పాటి దిమ్మ, ఎక్కడో ఒక రంధ్రం. ఇంత వంకర ఆకారానికి ఒక్క సూత్రం ఎక్కడ దొరుకుతుంది?

ఇటువంటి చిక్కు పొలం కొలిచేవారికి ఎప్పుడో వచ్చింది. గోదావరి లంకల్లో పొలాలకు నలుచదరపు గట్లు ఉండవు. ఏటిగట్టు ఎట్లా వంగితే పొలమూ అట్లా వంగుతుంది. కొలతగాడు ఏం చేసేవాడు? గొలుసు పట్టుకుని పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టేవాడు. త్రిభుజ వైశాల్యం ఎవరైనా కట్టగలరు. అన్నీ కలిపితే పొలం వైశాల్యం వస్తుంది. వంపు ఉన్న చోట చిన్న త్రిభుజాలు, తిన్నని గట్టు దగ్గర పెద్ద త్రిభుజాలు. మనం చెప్పుకోబోయే పద్ధతి సారం చాలావరకు ఇదే.

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. 12 మీటర్ల ఎత్తున్న కాంక్రీటు స్తంభం ఉందనుకోండి. అడుగున దాని అడ్డుకోత వైశాల్యం 4 చదరపు మీటర్లు, పైన 2 చదరపు మీటర్లు. మధ్యలో వైశాల్యం ఒకే తీరున తగ్గుతూ వస్తుంది. దాని తలమీద 300 టన్నుల బరువు పెట్టాం. లెక్క తేలికగా ఉండటానికి స్తంభం సొంత బరువు వదిలేద్దాం. కాంక్రీటు యంగ్ గుణకాన్ని చదరపు మీటరుకు 30 లక్షల టన్నులుగా తీసుకుందాం. అప్పుడు బరువును గుణకంతో భాగిస్తే పదివేలలో ఒక వంతు వస్తుంది. కనుక ఎత్తును వైశాల్యంతో భాగించగా వచ్చిన సంఖ్యను 10 తో భాగిస్తే చాలు, కుదింపు మిల్లీమీటర్లలో వస్తుంది.

మొదట స్తంభమంతా ఒకే ముక్క అనుకుందాం. సగటు వైశాల్యం 3. కనుక 12 ÷ 3 = 4. అంటే కుదింపు 0.4 మిల్లీమీటరు.

ఇప్పుడు రెండు ముక్కలు చేద్దాం. ఒక్కొక్కటి 6 మీటర్లు. కింది ముక్క సగటు వైశాల్యం 3.5, పై ముక్కది 2.5. 6 ÷ 3.5 = 1.7143, 6 ÷ 2.5 = 2.4. మొత్తం 4.1143.

నాలుగు ముక్కలు చేస్తే వైశాల్యాలు 3.75, 3.25, 2.75, 2.25. ఒక్కొక్కటి 3 మీటర్లు. కూడితే 4.1473 వస్తుంది. ఎనిమిది ముక్కలు చేస్తే 4.1560. మీరే చేసి సరిచూసుకోండి.

అసలు జవాబు ఎంత? ఇంటర్మీడియట్‌లో నేర్చుకునే కలనగణితంతో దాన్ని కచ్చితంగా కట్టవచ్చు. అది 4.1589. ఇక మన తేడాలు చూడండి. ఒక ముక్కతో 0.1589. రెండింటితో 0.0446. నాలుగింటితో 0.0116. ఎనిమిదింటితో 0.0029. ముక్కల సంఖ్య రెట్టింపు చేసిన ప్రతిసారీ తప్పు ఇంచుమించు నాలుగో వంతుకు తగ్గుతోంది! అసలు జవాబు తెలియని సమస్యలో కూడా ఇంజనీరు ఇట్లాగే చేస్తాడు. వలను ఒకసారి ముతకగా, ఒకసారి సన్నగా అల్లి రెండు జవాబులూ పోల్చి చూస్తాడు. జవాబు ఇక కదలడం మానేస్తే వల సరిపోయినట్లు.

ఇంతటితో ఆగితే అసలు సంగతి తప్పిపోతుంది. కుదింపు సంగతి సరే, ఒక చదరపు మీటరు మీద పడే బలం ఎంత? దీన్నే ప్రతిబలం అంటారు. కాంక్రీటు పగిలేదీ లేనిదీ తేల్చేది ఇదే. మన స్తంభంలో అన్నిటికన్నా ఎక్కువ ప్రతిబలం పైకొసన ఉంటుంది, వైశాల్యం అక్కడే తక్కువ గనుక. 300 టన్నులను 2 తో భాగిస్తే 150 టన్నులు. మరి మన ముక్కలు ఏమంటున్నాయి? ఒకే ముక్క అయితే 300 ÷ 3, అంటే 100 టన్నులు మాత్రమే. రెండు ముక్కలతో పై ముక్కలో 120. నాలుగింటితో 133. ఎనిమిదింటితో 141. కుదింపులో నూటికి నాలుగు పాళ్ళు మాత్రమే తప్పు చెప్పిన ఆ ఒక్క ముక్క, ప్రతిబలంలో నూటికి 33 పాళ్ళు తక్కువ చెప్పింది! పైగా ముక్కలు పెంచినా ఇది నెమ్మదిగానే అసలు విలువను చేరుకుంటోంది. స్తంభం ఎంత కుంగుతుందో ముతక వల కూడా దాదాపు సరిగ్గానే చెబుతుంది. ఎక్కడ పగులుతుందో మాత్రం సరిగ్గా చెప్పలేదు.

ఈ తేడా ఎంత ఖరీదైనదో నార్వే దేశస్థులకు 1991లో తెలిసివచ్చింది. ఉత్తర సముద్రంలో స్లైప్నర్ అనే వాయుక్షేత్రం ఉంది. అక్కడ నిలబెట్టడానికి కాంక్రీటుతో బ్రహ్మాండమైన పీఠం ఒకటి కట్టారు. గుండ్రటి గదులు 24 పక్కపక్కన పేర్చినట్లు ఉంటుంది. మూడు గుండ్రాలు ఆనుకుంటే నడుమ చిన్న త్రికోణపు ఖాళీ మిగులుతుంది కదా. మూడు రూపాయి బిళ్ళలు దగ్గరగా పెట్టి చూడండి, అర్థమవుతుంది. ఆ త్రికోణపు ఖాళీల్లోకి సముద్రపు నీరు వస్తుంది. గదుల లోపల మాత్రం నీరు తక్కువ. కనుక ఆ మూల గోడల మీద నీటి ఒత్తిడి చాలా ఎక్కువ. 1991 ఆగస్టు 23న స్టావాంజర్ దగ్గరి సముద్రపు పాయలో ఆ పీఠాన్ని పరీక్ష కోసం నెమ్మదిగా ముంచుతూ ఉన్నారు. ఇంచుమించు 65 మీటర్ల లోతున ఒక గోడ పగిలింది. పంపులు తోడలేనంత వేగంగా నీరు లోపలికి వచ్చింది. లోపలున్నవారు బయటపడ్డారు. పీఠం మునిగి అడుగున బద్దలైంది. ఆ అదురు భూకంప మాపకాల్లో 3 అంకెగా నమోదైంది. నష్టం 70 కోట్ల డాలర్లని అంచనా.

కారణం వెతికితే వలలో దొరికింది. ఆ త్రికోణపు మూలల దగ్గర కంప్యూటరు లెక్కకు అల్లిన వల ముతకగా, వంకరటింకరగా ఉంది. అందువల్ల గోడను కోసే బలాన్ని ఆ లెక్క నూటికి 47 పాళ్ళు తక్కువగా చూపింది. ఆ చోట గోడల్లో వేసిన ఇనుప కడ్డీలు కూడా చాలినంత పొడవుగా లేవు. తరువాత సన్నటి వలతో తిరిగి లెక్కకడితే గోడ 62 మీటర్ల లోతున పగలాలని తేలింది. నిజంగా పగిలిన లోతుకు అది ఎంత దగ్గరగా ఉందో చూడండి. లెక్కించే పద్ధతిలో తప్పు లేదు. ముందుగా అల్లిన వలలోనే ఉంది.

ఈ పద్ధతిని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. తెలుగులో పరిమిత మూలకాల పద్ధతి అనుకోవచ్చు. ఒక్కొక్క ముక్క ఒక మూలకం. ముక్కలు కలిసే బిందువు ముడి. రిచర్డ్ కూరాంట్ అనే గణితవేత్త 1943లోనే త్రిభుజాలుగా విడగొట్టి లెక్కకట్టే మార్గం చూపాడు. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురు విమానపు రెక్కల వంటి నిర్మాణాలకు ఈ విధానాన్ని వివరించారు. 1960లో క్లఫ్ దానికి ఇప్పుడున్న పేరు పెట్టాడు. కంప్యూటర్లు రావడంతో ఆ పద్ధతి దశ తిరిగింది. ఎందుకంటే ప్రతి ముడికీ సమీకరణాలు ఉంటాయి. వెయ్యి ముడులుంటే వేల సమీకరణాలు ఒకేసారి సాధించాలి. చేత్తో అయ్యే పని కాదు.

ఇక వల అల్లడం. గౌతమిలో వేటకు వెళ్ళేవారిని అడగండి, పులస వలకూ రొయ్యల వలకూ కన్ను ఒకటే ఉంటుందా అని. ఏది పట్టాలో దాన్నిబట్టి కన్ను. ఇక్కడా అంతే, ఎక్కడ బలం త్వరత్వరగా మారుతుందో అక్కడ కన్ను సన్నగా ఉండాలి. అది ఎక్కడో కళ్ళారా చూడటానికి ఒక ప్రయోగం చేయండి.

పాత సైకిలు ట్యూబు ఒక జానెడు కోసి, నిలువునా చీల్చి పలకలా పరవండి. తెల్లరంగుతో సన్నగా అరసెంటీమీటరు గళ్ళు గీయండి. ఆరాక నడిమధ్యన సుమారు ఒక సెంటీమీటరు వ్యాసంతో గుండ్రని రంధ్రం చేయండి. ఇప్పుడు ఒకరు ఆ కొస, ఒకరు ఈ కొస పట్టుకుని మెల్లగా లాగండి. దూరాన ఉన్న గళ్ళు అన్నీ ఒకే తీరున సాగుతాయి. రంధ్రానికి కుడిఎడమల అంచును ఆనుకుని ఉన్న గళ్ళు మాత్రం చాలా ఎక్కువ సాగుతాయి. లాగే దిశలో రంధ్రానికి ముందువెనుకల ఉన్నవి దాదాపు సాగవు. వెడల్పైన పలకలో చిన్న గుండ్రని రంధ్రం ఉంటే దాని పక్కన ప్రతిబలం మూడు రెట్లు అవుతుందని 1898లో కిర్ష్ అనే జర్మను ఇంజనీరు గణితంతో నిరూపించాడు. రంధ్రం చిన్నదైనా అంతే, ఆ మూడు రెట్లు తగ్గదు! కనుక పలకకు వల అల్లేటప్పుడు రంధ్రం చుట్టూ సన్నటి కళ్ళు, దూరం పోయేకొద్దీ పెద్ద కళ్ళు.

అంతటా సన్నగా అల్లేస్తే పోలేదా అని మీకు తోచవచ్చు. స్తంభం ఘనాకారం. దాని ముక్కలు ఇటుకల్లాగానో, నాలుగు ముఖాల దిమ్మల్లాగానో ఉంటాయి. ముక్క పొడవును సగం చేస్తే పొడవున రెండు, వెడల్పున రెండు, ఎత్తున రెండు, మొత్తం ఎనిమిది రెట్లు ముక్కలవుతాయి. మరోసారి సగం చేస్తే 64 రెట్లు. ఎంత పెద్ద కంప్యూటరైనా ఎక్కడో ఒకచోట చేతులెత్తేస్తుంది. అందుకే అవసరమున్న చోటే సన్నం. మరొక ఉపాయం, సౌష్ఠవాన్ని వాడుకోవడం. సైకిలు ట్యూబు పలకను నిలువునా అడ్డంగా రెండు గీతలు గీసి నాలుగు చేస్తే నాలుగూ ఒక్కలాంటివే. ఒక పాతికకు వల అల్లితే చాలు, మిగిలిన మూడు పాతికల జవాబు ఉచితంగా వస్తుంది.

అల్లడానికి ముందు బొమ్మను శుభ్రం చేయాలి. డిజైను చేసినవారి బొమ్మలో స్తంభం మీద చెక్కిన అంకెలు, అంచుల వెంట చిన్న చెక్కుడు, ఏవేవో ఉంటాయి. బలం ప్రవహించే దారిలో లేనివి తీసేయాలి. లేకపోతే ఆ చిన్న అక్షరం చుట్టూ వేల ముక్కలు పుట్టుకొస్తాయి. కాని లోపలి మూలల దగ్గర జాగ్రత్త. బయటి అంచును నునుపు చేసిన చెక్కుడు తీసేస్తే ఏమీ కాదు. లోమూలలో ఉన్న గుండ్రని వంపు తీసేసి పదునైన మూల చేస్తే కొంప మునుగుతుంది. అక్కడ వల ఎంత సన్నం చేస్తే ప్రతిబలం అంత పెరుగుతూ పోతుంది, ఎక్కడా ఆగదు. గణితం దృష్టిలో పదునైన లోమూల దగ్గర దానికి హద్దు లేదు.

ముక్కల ఆకారం కూడా ముఖ్యం. త్రిభుజం సమబాహువుకు దగ్గరగా ఉంటే మంచిది. సూదిలా సన్నగా ఉంటే చెడ్డది. ఎందుకో ముక్కాలి పీటను తలచుకోండి. మూడు కాళ్ళూ ఎడంగా ఉంటే పీట నిలుస్తుంది. మూడూ దాదాపు ఒకే వరుసలో ఉంటే, ఒక కాలు కింద చిన్న పుల్ల పెట్టినా పీట ఒరిగిపోతుంది. మూడు ముడుల కదలికనుబట్టి త్రిభుజం లోపలి వాలును లెక్కిస్తాం. సూది త్రిభుజంలో ఒక ముడి దగ్గర ఇసుమంత తప్పు వాలులో కొండంత అవుతుంది.

నాలుగు బిందువులున్నాయి, వాటిని రెండు త్రిభుజాలు చేయాలి. కర్ణం ఎటు గీయాలి? దీనికి తొమ్మిదో తరగతి రేఖాగణితం చాలు. ఒక కర్ణం గీయండి. దానికి ఎదురెదురుగా ఉన్న రెండు కోణాలు కూడండి. మొత్తం 180 డిగ్రీలు మించితే ఆ కర్ణం చెరిపేసి రెండోది గీయండి. సరిగ్గా 180 అయితే అది చక్రీయ చతుర్భుజం, ఎటు గీసినా ఒకటే. రష్యా గణితవేత్త బోరిస్ డెలొనే 1934లో చెప్పిన నియమంలోంచి వచ్చిందే ఇది. ఏ త్రిభుజానికి పరివృత్తం గీసినా అందులో మరో ముడి పడకూడదన్నదే ఆ నియమం. వల అల్లే సాఫ్ట్‌వేర్లు ఎన్నో నేటికీ దీన్ని వాడుతున్నాయి. జీమెష్ అనేది ఉచితంగానే దొరుకుతుంది. బడిలో కంప్యూటరు ఉంటే ప్రయత్నించవచ్చు.

ముడులు కూడా కుదరాలి. ఒక త్రిభుజం శీర్షం పక్క త్రిభుజం భుజానికి మధ్యలో పడిందనుకోండి. బరువు పెట్టినప్పుడు ఆ శీర్షం ఒక దిక్కుకు కదులుతుంది. పక్కవాడి భుజం మాత్రం తిన్నగానే ఉంటుంది. నడుమ పగులు ఏర్పడుతుంది, నిజం స్తంభంలో లేని పగులు! వలలో తెగిన కన్నులాంటిది. అందుకే శీర్షానికి శీర్షమే తగలాలి.

ముడులకు అంకెలు వేయడం వెనుక ఒక ముచ్చట ఉంది. అడ్డంగా 10, నిలువుగా 3 వరుసలున్న 30 ముడుల వల గీయండి. పొడుగు వరుస వెంట 1, 2, 3 అని 10 దాకా వేసి, కింది వరుసలో 11 మొదలుపెడితే ఒకే గడిలోని ముడుల అంకెల మధ్య తేడా 11 దాకా ఉంటుంది. అట్లా కాక పొట్టి వరుస వెంట పైనుంచి కిందికి 1, 2, 3, పక్క వరుసలో 4, 5, 6 అని వేస్తే తేడా 4 మించదు. సమీకరణాల పట్టికలో ఆ తేడా దాటిన చోట్ల అన్నీ సున్నలే. వాటిని దాచుకోనక్కరలేదు. ఒక్కో ముడికి ఒక తెలియని రాశి అనుకుంటే మొదటి పద్ధతిలో సుమారు 360 సంఖ్యలు దాచాలి, రెండో పద్ధతిలో 150 చాలు. కంప్యూటరు జ్ఞాపకం గంజిలో మెతుకుల్లా ఉన్న రోజుల్లో ఇది పెద్ద పొదుపు. అప్పట్లో గ్రాఫు కాగితం మీద చేత్తో వల గీసి, ఒక్కొక్క ముడి అంకె, నిరూపకాలు అట్టముక్కల మీద రంధ్రాలు పొడిచి కంప్యూటరుకు అందించేవారు. ఒక అంకె తప్పితే ఒక ముడి ఎక్కడికో ఎగిరిపోయి, బొమ్మ గీసి చూస్తే ముల్లులా పొడుచుకు వచ్చేది.

వల స్తంభంతో ఆగదు. స్తంభం నిలిచేది గోదావరి ఇసుకలోను, బంకమట్టిలోను. మట్టి కూడా కుంగుతుంది కనుక మట్టికీ వల అల్లాలి. స్తంభం చెంత సన్నగా, దూరాన పెద్ద పెద్ద కళ్ళతో. ఎంత దూరం అల్లాలి? అంచును ఇంకా దూరం జరిపినా జవాబు మారనంత దూరం.

మట్టికే కాదు, నీటికీ వల అల్లుతారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదీ, 1996 నవంబరు 6న తుపాను కోనసీమను విరిచినదీ పెద్దలు మీకు చెప్పే ఉంటారు. కోనసీమ తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. తుపాను గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తే వచ్చేదే ఉప్పెన. అది ఏ ఊళ్ళో ఎంత ఎత్తు వస్తుందో ముందుగా చెప్పడానికి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ వాడే అడ్‌సర్క్ అనే నమూనా ఈ పరిమిత మూలకాల పద్ధతి మీద ఆధారపడినదే. బంగాళాఖాతానికి త్రిభుజాల వల. నడిసముద్రంలో కిలోమీటర్ల కొద్దీ పొడవున్న త్రిభుజాలు, తీరం దగ్గర, నదీముఖాల్లో చిన్నచిన్న త్రిభుజాలు.

తీరం దగ్గరే ఎందుకు సన్నం? లోతు తగ్గేకొద్దీ ఇటువంటి పొడుగు అల నెమ్మదిస్తుంది. దాని వేగం లోతును 9.8 తో గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది. 2,500 మీటర్ల లోతున సెకనుకు 156 మీటర్లు. 10 మీటర్ల లోతున 10 మీటర్లకు కాస్త తక్కువ. నెమ్మదించిన అల దగ్గరకు ముడుచుకుంటుంది, ఎత్తు పెరుగుతుంది. పెద్ద త్రిభుజం దాన్ని చూడనే చూడలేదు. కాలాన్ని కూడా ముక్కలుగా కోసి లెక్కిస్తారు. చాలా పద్ధతుల్లో ఒక కాలపు ముక్కలో అల ఒక త్రిభుజాన్ని దాటిపోకూడదని నియమం. నడిసముద్రంలో 5 కిలోమీటర్ల త్రిభుజం దాటడానికి 32 సెకన్లు పడుతుంది. తీరాన 200 మీటర్ల త్రిభుజానికి 20 సెకన్లు. పొరపాటున ఏ మూలో 20 మీటర్ల త్రిభుజం ఒకటి మిగిలిపోతే 2 సెకన్లే. ఆ ఒక్క దాని మూలంగా మొత్తం సముద్రం లెక్క 2 సెకన్ల అడుగులతో నడవాలి, అంటే పని పది రెట్లు. తుపాను వస్తుంటే లెక్క ఆలస్యం కావడానికి వీల్లేదు. కనుక వల అల్లినవారు అటువంటి పొట్టి త్రిభుజాల కోసం ముందే గాలించి తీసేస్తారు.

ముడికి నిరూపకాలు ఉంటే చాలదు, అక్కడ లోతెంతో కూడా తెలియాలి. తీరం దాటి లోపల నేల ఎత్తు కూడా కావాలి. గౌతమి పాయ ఉప్పెన నీటికి తెరిచి ఉంచిన తలుపు వంటిది. ఆ పాయ ఎంత వెడల్పు, ఎంత లోతు, గట్లు ఎంత ఎత్తు అన్నది వలలో సరిగా ఉండాలి. అయితే గోదావరి ఊరుకుంటుందా? ఒక వరదకు ఒక లంకను కోస్తుంది, మరో చోట కొత్త ఇసుక తిన్నె వేస్తుంది, సముద్రంలో కలిసేచోటు రూపు మారుస్తుంది. అప్పుడు మళ్ళీ పడవల మీద వెళ్ళి లోతులు కొలవాలి, ఆ ముడులకు కొత్త అంకెలు వేయాలి, మారిన ఒడ్డు వెంట త్రిభుజాలు తిరిగి అల్లాలి.